కాగితముపై వెండి గీతలు – నేల తేమను కొలుచు పట్టీలు

శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతములలో సేద్యమునకు భూమి కొరత లేదు, నీటికే కొరత. ఉమ్మడి అనంతపురం జిల్లాలో సాలీనా కురియు వర్షము సగటున సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అదియు అన్ని సంవత్సరములలో అదనునకు కురియదు. కనుక బోరుబావిలో నీరున్న రైతునకు ప్రతి తడియు విలువైనదే. ఎప్పుడు తడి ఇవ్వవలెను, ఎంత ఇవ్వవలెను అను రెండు ప్రశ్నలకు సరియైన జవాబు తెలిసిన రైతు అదే బోరుతో మరికొంత పైరును కాపాడుకొనగలడు. తొందరపడి తడి ఇచ్చినచో నీరును, కరెంటును వృథా యగును. ఆలస్యము చేసినచో, ముఖ్యముగా వేరుశనగ పూత, ఊడలు దిగుట, కాయ ఊరుట అను దశలలో, దిగుబడి పడిపోవును.

నేలలోని తేమను కొలిచి చెప్పు సాధనములు బజారులోనికి వచ్చుచున్నవి. వీనిలో ఒక రకము వింతయైనది. కాగితముపైనగాని, పలుచని ప్లాస్టిక్కు రేకుపైనగాని వెండి సిరాతో గీతలను అచ్చువేసి, ఆ పట్టీని నేలలో గ్రుచ్చి తేమను తెలిసికొందురు. కాగితమేమి, కరెంటేమి అని ఆశ్చర్యపడనక్కరలేదు. ఇందలి సూత్రము సులభమైనది. అది తెలిసికొన్న రైతు ఈ సాధనమును ఎంతవరకు నమ్మవచ్చునో తానే నిర్ణయించుకొనగలడు.

ధర్మవరం జరీ చెప్పు సంగతి

లోహములన్నిటిలో విద్యుచ్ఛక్తిని మిక్కిలి సులభముగా పారనిచ్చునది వెండి. తరువాతది రాగి, ఆ పిమ్మట బంగారము, అల్యూమినియము. అయితే వెండి ఖరీదైన లోహము. దానిని తీగెగా వాడిన ఖర్చు భరింపరానిదగును. ఖరీదైన లోహమును కొద్దిగా వాడి ఎక్కువ మేర పరచుట ఎట్లో ధర్మవరం పట్టుచీరలోని జరీని చూచిన తెలియును. అసలు జరీలో నడుమ నుండునది నూలు లేక పట్టు దారము. సన్నగా సాగదీసి, నలగగొట్టి రేకు చేసిన వెండి తీగెను దాని చుట్టును చుట్టి, పైన బంగారు పూత పూయుదురు. దారమే బలమిచ్చును, లోహము పైపై పొరగా మాత్రమే ఉండును. పాత పట్టుచీరలను కొనువారు జరీని కరిగించి వెండిని రాబట్టుచుండుట అందరెరిగినదే.

ఇట్టి దారము చీరకు అందము నిచ్చుటయేగాక కరెంటును కూడ పారించును. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో రెమీ పోస్ట్, మ్యాగీ ఆర్త్ అనువారు 1997లో ప్రకటించిన పరిశోధనలో, భారతదేశమున నేసిన పట్టు ఆర్గంజా వస్త్రమును తీసికొని దానిపై విద్యుత్ వలయములు అమర్చి చూపిరి. ఆ వస్త్రములో పడుగు పట్టుదారము. పేక రాగిరేకు చుట్టిన పట్టుదారము. ఇచట ఒక హెచ్చరిక అవసరము. కరెంటు పారినంత మాత్రమున జరీ అసలుదని తీర్మానింపరాదు. రాగి జరీ కూడ కరెంటును పారించును.

జరీలో దారమునకు లోహమును చుట్టినట్లే, అచ్చు పట్టీలో కాగితమునకు లోహమును అద్దుదురు. లెక్క చూచిన ఇందలి పొదుపు తెలియును. 1 గ్రాము వెండిని 1 మిల్లీమీటరు మందముగల తీగెగా లాగినచో 12 సెంటీమీటర్లు వచ్చును. అదే 1 గ్రామును 1 మిల్లీమీటరు వెడల్పున, మిల్లీమీటరులో నూరవ వంతు మందమున గీతగా పరచినచో 9 మీటర్లకు పైగా సాగును. వెండి గీత చవుక పడుటకు కారణమిదే.

లోహము సిరాగా మారుట

వెండి 961 డిగ్రీల సెంటిగ్రేడు వేడి వద్దగాని కరగదు. ఆ వేడికి కాగితము బూడిద యగును. ఈ చిక్కును దాటుటకు వెండిని అతి సూక్ష్మమైన రేణువులుగా చేయుదురు. మిల్లీమీటరును పది లక్షల భాగములు చేసినచో ఒక్కొక్క భాగమును నానోమీటరు అందురు. వెండి రేణువులు కొన్ని పదుల నానోమీటర్ల పరిమాణములో ఉన్నప్పుడు అవి ఒకదానితో నొకటి అతుకుకొనుటకు పెద్ద వేడి అక్కరలేదు. సుమారు 150 డిగ్రీల వద్దనే అంచులు కలిసిపోవును. బెల్లపు గడ్డను కరిగించుటకు పొయ్యి కావలెను. బెల్లపు పొడి మాత్రము కొద్దిపాటి వెచ్చదనమునకే ముద్దకట్టును. ఇదియు ఇంచుమించు అట్టిదే.

ఈ రేణువులు సిరాలో ఉన్నంతవరకు ఒకదానికొకటి అంటుకొనకుండ వాని చుట్టును ఒక రసాయనపు పొర నుంచుదురు. అచ్చు వేసిన పిమ్మట వేడిచేతనో, మరియొక రసాయనముచేతనో ఆ పొర తొలగును. అప్పుడు రేణువులు కలిసి ఒకే గీతయగును. అంతకుముందు ఆ గీత చూపునకు వెండివలె నున్నను కరెంటును సరిగా పారనియ్యదు. ఆరిన తరువాత కూడ సిరా గీత గట్టి వెండి తీగెయంత చక్కగా పారనియ్యదు. అయినను కొలతలకు చాలును.

అచ్చు వేయు పద్ధతులు

లోహపు సిరాను స్టెన్సిల్ గుండా అచ్చువేసి వలయములు చేయవచ్చునను ఆలోచన పాతదే. 1925లో అమెరికాలో చార్లెస్ డూకాస్ దీనికి పేటెంటు పొందెను. నేడు రెండు పద్ధతులు ముఖ్యముగా వాడుకలో నున్నవి.

మొదటిది స్క్రీన్ ప్రింటింగు. మన పట్టణములలో శుభలేఖలను, సంచులను అచ్చువేయు పద్ధతియే ఇది. చట్రమునకు బిగించిన సన్నని జాలీ గుడ్డలో కావలసిన చోట్ల మాత్రము రంధ్రములు తెరచియుంచి, మిగిలిన భాగమును మూసివేయుదురు. చిక్కని సిరాను రబ్బరు పలకతో లాగినప్పుడు తెరచిన చోట్ల మాత్రమే దిగును. పూర్వము ఈ జాలీకి పట్టుగుడ్డనే వాడెడివారు. నేడు పాలియెస్టరు జాలీ వచ్చినది.

రెండవది ఇంక్‌జెట్ పద్ధతి. ఆఫీసులలోని ప్రింటరు రంగు సిరాను చిన్న బొట్లుగా చిమ్మినట్లే వెండి సిరాను చిమ్మును. జాలీ అక్కరలేదు; కంప్యూటరులో గీసిన బొమ్మ నేరుగా కాగితముపైకి వచ్చును. టోక్యో విశ్వవిద్యాలయమునకు చెందిన యోషిహిరో కవహారా, ఆయన సహచరులు 2013లో ఇండ్లలో వాడు మామూలు ప్రింటరుతోనే ఫోటో కాగితముపై వెండి వలయములను అచ్చువేసి చూపిరి. వారి సిరాకు కొలిమి వేడి కూడ అక్కరలేకపోయెను. నేల తేమను కొలుచు అచ్చు పట్టీలను కూడ కవహారా బృందము తయారు చేసెను.

మన దేశములో ఇట్టి వంగు ఎలక్ట్రానిక్ పరికరములపై కాన్పూరు ఐ.ఐ.టి.లోని జాతీయ కేంద్రము పరిశోధన చేయుచున్నది.

మన ఊళ్లలో ఇప్పటికే ఉన్నవి

అచ్చువేసిన లోహపు గీత మనకు కొత్త చుట్టము కాదు. పొలములోని సౌర పంపు పలకను దగ్గరగా చూడుడు. నల్లని పలకపై కనబడు సన్నని తెల్లగీతలు చాలవరకు వెండి ముద్దతో స్క్రీన్ ప్రింటింగు చేసినవే. నంబులపూలకుంట సౌర క్షేత్రములో వేల ఎకరములలో పరచిన పలకలు పని చేయుటకును ఇట్టి గీతలే ఆధారము. పెనుకొండ మండలము ఎర్రమంచి వద్ద 2019 నుండి కియా కార్లు తయారగుచున్నవి. కార్ల వెనుక అద్దముపై మంచును తొలగించుటకు అడ్డముగా నుండు గోధుమరంగు గీతలు కూడ వెండి ముద్దతో అచ్చువేసి కాల్చినవి. చక్కెర వ్యాధిగ్రస్తులు రక్తపు బొట్టును వేయు చిన్న పట్టీలోను అచ్చు గీతలే ఉన్నవి. ఒక్కసారి వాడి పారవేయగలిగినంత చవుకగా అవి లభించుటకు అచ్చు పద్ధతియే కారణము.

తేమను కొలుచు విధము

నేల తేమ పట్టీపై రెండు దువ్వెనలను పండ్లు కలియకుండ ఒకదానిలో నొకటి దూర్చినట్లు రెండు వరుసల గీతలు అచ్చువేయబడి యుండును. వానిపై నీరు తగులకుండ ఒక పొర పూయుదురు. ఈ రెండు దువ్వెనల మధ్య విద్యుత్తు కొంత నిలువయగును. ఎంత నిలువయగునను సంగతి చుట్టునున్న పదార్థముపై ఆధారపడును. గాలికి ఈ గుణము 1 అనుకొన్నచో, ఎండిన మట్టికి సుమారు 3 నుండి 5 వరకు, నీటికి సుమారు 80 ఉండును. మట్టికిని నీటికిని ఇంత తేడా యుండుటచే నేలలో నీరు కొద్దిగా పెరిగినను పట్టీ గుర్తించును. దానికి తగిలించిన చిన్న పెట్టె ఆ మార్పును అంకెగా చూపును.

వేరొక రకములో పై పూత లేక, రెండు లోహపు కడ్డీలు నేరుగా మట్టిని తాకును. కరెంటు ఎంత సులభముగా పారుచున్నదో అవి కొలుచును. ఇవి చవుక, కాని లోహము త్వరగా తినిపోవును. ఎరువు వేసిన తరువాత నేలలో లవణములు పెరిగినచో తేమ పెరుగకున్నను అంకె పెరుగును. ఉప్పు నీటి బోర్లున్నచోట ఇవి రైతును మోసగించును. కొనునప్పుడు ఈ రెండు రకముల తేడా తప్పక గమనింపవలెను.

పట్టుపురుగుల ఇంటిలో ఉపయోగము

హిందూపురం పరిసరములలో మల్బరీ పెంచి పట్టుపురుగులను మేపు రైతులకు గాలిలోని తేమ కూడ ముఖ్యమే. చాకీ పురుగులకు 26 నుండి 28 డిగ్రీల వేడి, 80 నుండి 90 శాతము తేమ కావలెను. పెద్ద పురుగులకు 24, 25 డిగ్రీల వేడి, సుమారు 70 శాతము తేమ చాలును. పెద్ద పురుగుల దశలో తేమ ఎక్కువై గాలి ఆడనిచో తెగుళ్లు ప్రబలును.

కాగితము గాలిలోని తేమను పీల్చుకొనునని అందరికి తెలియును. వానాకాలమున పుస్తకపు పుటలు మెత్తబడుట ఇందువలననే. నేలలో గ్రుచ్చు పట్టీకి ఈ గుణము దోషము. గాలి తేమను కొలుచు పట్టీకి ఇదే సుగుణము. పూత లేని కాగితముపై అచ్చువేసిన దువ్వెన గీతలు కాగితము పీల్చిన తేమనుబట్టి గాలి తేమను తెలుపగలవు. అయినను మేపు ఇంటిలో పొడి, తడి గోళముల ఉష్ణమాపకమును తీసివేయరాదు. కొత్త పరికరము చూపు అంకెను దానితో సరిచూచుకొనుచుండవలెను.

గమనింపవలసిన లోపములు

1. ఒకే అంకె అన్ని నేలలకు ఒకే అర్థమునివ్వదు. ఇసుకపాలు ఎక్కువగానున్న ఎర్రనేల కొద్ది నీటిని మాత్రమే పట్టియుంచును. నల్లరేగడి చాల పట్టియుంచును. రేగడిలో పైరు వాడు స్థితిని చూపు అంకె ఎర్రనేలలో చాలినంత తేమను సూచింపవచ్చును.

2. పట్టీకిని మట్టికిని మధ్య గాలి సందు ఉన్నచో అంకె తక్కువగా వచ్చును. మొరము, రాళ్లు గల చేలలో ఇది సామాన్యము.

3. పూత గీచుకొనిపోయి నీరు లోనికి చేరినచో కాగితము ఉబ్బును. తడిలో కరెంటు తగిలిన వెండి ఒక గీతనుండి మరియొక గీతకు సన్నని కొమ్మలవలె ప్రాకి రెండింటిని కలిపివేయును. అప్పుడు పట్టీ పనికిరాదు.

4. పట్టీ చవుకయే, దానికి తగిలించు పెట్టె, బ్యాటరీ, ఫోనునకు వార్త పంపు భాగము చవుక కావు. ఖర్చులో పెద్దపాలు వీనిదే. పట్టీ ధర మాత్రము విని కొనరాదు.

రైతు తానే చేసికొనదగిన పరీక్ష

అంకెను గ్రుడ్డిగా నమ్మక తన చేని మట్టితో సరిచూచుకొనుట ప్రతి రైతునకు సాధ్యమే. దీనికి కావలసినవి ఒక త్రాసు, ఒక డబ్బా, ఒక కొలగ్లాసు మాత్రమే.

మొదట చేనిలో వేళ్లుండు లోతునుండి మట్టిని తీసి, రాళ్లను ఏరివేసి, పలుచగా పరచి బాగుగా ఎండబెట్టవలెను. ఆ మట్టిని 1 కిలో తూచి డబ్బాలో వేసి, చేనిలో ఎంత గట్టిగా నుండునో అంత గట్టిగా అదిమి, పట్టీని గ్రుచ్చి అంకెను వ్రాసికొనవలెను. పిదప మట్టిని బయటికి తీసి 50 మిల్లీలీటర్ల నీరు చల్లి సమముగా కలిపి, మరల అంతే గట్టిగా అదిమి, కొంతసేపు ఆగి అంకెను చూడవలెను. ఇది 5 శాతము తేమ. ఇట్లే మరి 50 మిల్లీలీటర్లు కలిపిన 10 శాతము, ఇంకొక 50 కలిపిన 15 శాతము అగును. ఈ అంకెలను వరుసగా ఒక కాగితముపై వ్రాసి ఇంటిలో నుంచుకొన్నచో అదే ఆ చేనికి కొలబద్ద. తేమ పెరిగినకొలది అంకె క్రమముగా మారవలెను. మధ్యలో వెనుకకు పోయినను, మారక నిలిచినను, ముందుగా మట్టిని సరిగా అదిమితిమా, నీరు సమముగా కలిసినదా అని చూచి మరల చేయవలెను. అప్పుడును అట్లే జరిగిన ఆ పట్టీ పనికిరానిది.

దీనికంటె ఖచ్చితమైన పద్ధతి ప్రయోగశాలలో కలదు. తడిమట్టిని తూచి, 105 డిగ్రీల వేడిలో 24 గంటలు ఆరబెట్టి మరల తూచుదురు. తడిమట్టి 115 గ్రాములుండి, ఆరిన తరువాత 100 గ్రాములైనచో తేమ 15 శాతము.

పెద్దలు చేయు గుప్పిటి పరీక్షను కూడ విడువరాదు. వేళ్లుండు లోతునుండి మట్టిని తీసి గుప్పిట బిగించి తెరచినప్పుడు ముద్ద నిలువక రాలిపోయినచో ఎర్రనేలలో తడి ఇచ్చు సమయము సమీపించినదని అర్థము. పట్టీ ఒకటి చెప్పి గుప్పిట మరియొకటి చెప్పినచో, రెండవచోట త్రవ్వి చూచిగాని మోటారు వేయరాదు.

పాతు విధము

పట్టీని చేని గట్టున గాని, నీరు నిలుచు పల్లమున గాని పాతరాదు. చేనిలో సగటు నేల ఉన్నచోట, పైరు వరుసలో పాతవలెను. వేరుశనగలో 15 సెంటీమీటర్ల లోతున ఒకటి, 30 సెంటీమీటర్ల లోతున ఒకటి ఉంచుట మేలు. పై పట్టీ ఎప్పుడు తడి ఇవ్వవలెనో చెప్పును. క్రింది పట్టీ ఎప్పుడు ఆపవలెనో చెప్పును. తడి ఇచ్చుచుండగా క్రింది అంకె పెరుగుట ఆరంభించినచో నీరు వేళ్లను దాటి పోవుచున్నదని తెలిసికొని మోటారు ఆపవచ్చును. మల్బరీ వేళ్లు లోతుగా పోవును గనుక అందు ఇంకను లోతున ఉంచవలెను. డ్రిప్పు ఉన్నచోట బొట్టుపడు తావునకు మరీ ఆనించియు, మరీ దూరముగాను ఉంచరాదు.

అమ్మువారిని అడుగవలసిన ప్రశ్నలు

పట్టీ పూతగలదా, లోహము నేరుగా మట్టిని తాకునదా? ఏ నేలపై సరిచూచిరి? పట్టీ చెడినచో అది మాత్రమే విడిగా దొరకునా, పెట్టెతో సహా కొనవలెనా? బ్యాటరీ ఎన్నాళ్లు వచ్చును? ఫోను సిగ్నలు లేనిచోట పెట్టెపైనే అంకె కనబడునా? మొదటి సంవత్సరము తరువాత ఏటేట కట్టవలసిన రుసుము కలదా? వీనికి వ్రాతమూలకముగా జవాబు ఇయ్యనివారివద్ద కొనకుండుటయే శ్రేయము.

గ్రామోద్యోగులు చేయదగినది

ఒక్కొక్క రైతు విడిగా కొని నష్టపోవుటకంటె, రైతు సేవా కేంద్రము వద్ద ఒక పట్టీని ముందుగా పరీక్షించి చూచుట మంచిది. గ్రామములోని ఎర్రనేలకు ఒకటి, నల్లనేలకు ఒకటి పైన చెప్పిన విధముగా అంకెల వరుసను తయారుచేసి గోడపై వ్రాసియుంచినచో అందరకు ఉపయోగించును. చదువుకొను పిల్లలచేత ఈ పరీక్షను చేయించిన వారికిని విషయము బోధపడును. పాడైన పట్టీలను, బ్యాటరీలను చేనిలో పారవేయకుండ, కాల్చకుండ ఒకచోట చేర్చి ఎలక్ట్రానిక్ చెత్తను తీసికొను వారికి అప్పగింపవలెను.

కాగితముపై గీసిన వెండి గీత నీటిని పుట్టింపదు. ఉన్న నీటిని ఎప్పుడు వాడవలెనో తెలుపగలదు. అదియు మన మట్టితో సరిచూచినప్పుడు మాత్రమే. ఈ సంవత్సరము తడి పైరు వేయు రైతులు కొనుటకు ముందే ఒక డబ్బా మట్టితో పరీక్ష చేసి చూతురుగాక.